కాలనీ కళల పండుగ: శుక్రవారమే చూసుకోవలసిన జాగ్రత్తలు

శని, ఆదివారాలు పాటలు, డప్పులు, తోలుబొమ్మలు, పిల్లలు తామే రంగులు వేసే గోడ. ఏర్పాట్లు చూసేవారు ముందురోజే ఇవి సరిచూసుకోవాలి.

– మైకుకు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. సాధారణంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడకూడదు. చివరి పాట 9.30కే ముగిసేలా వరుస వేయండి. కళాకారులు వేదిక ఎక్కాక ఆపమనడం వారికి అవమానం.

– డప్పు కళాకారులు వాయించే ముందు తోలును మంట దగ్గర కాచి బిగువు తెస్తారు. ఆ మంటకు షామియానాకు దూరంగా, గాలివాలు చూసి చోటివ్వండి. పక్కన ఇసుక బకెట్, నీళ్లు, కనిపెట్టుకుని ఉండే మనిషి తప్పనిసరి. మంటే వద్దని మాత్రం అనకండి. మెత్తబడిన తోలు పలకదు.

– తోలుబొమ్మలు ఎక్కువగా మేకతోలుతో చేసినవి, తడి తగిలితే ముడుచుకుంటాయి. పిల్లలు ఆడించి చూడాలంటే కళాకారుడిని ముందే అడగండి, ఆయన ఇచ్చిన బొమ్మనే వారికివ్వండి. రంగుల గోడకూ బొమ్మల తెరకూ మధ్య చేతులు కడిగి, ఆరేలా తుడుచుకునే చోటు ఉండాలి.

– కరెంటు తీగలు నడిచే దారిలో వద్దు.

– అంబులెన్సు దారిలో బండ్లు నిలపనివ్వకండి.

– పారితోషికం, బస, భోజనం, దారిఖర్చులు ముందే ఖరారు చేయండి. శాలువా కప్పి చేతులు దులుపుకోవడం తగదు. ఆదివారం రాత్రి వేదిక విప్పేలోపే డబ్బు కళాకారుల చేతికి అందాలి.