పీచ్ రకాన్ని టెంకను బట్టి గుర్తించి, నిల్వ చేసే పద్ధతి

గట్టిగా ఉంటే కాయ, మెత్తబడితే పండు అనే మన మామిడి లెక్క పీచ్‌కు అన్నివేళలా చెల్లదు. ఉత్తరాది కొండల నుండి వేసవిలో మన రాయగడ బజారు దాకా వచ్చే ఈ పండు ఎన్నాళ్లు నిలుస్తుందనేది చాలావరకు దాని జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది కనుక, పెట్టె కొన్నవారు ముందుగా అది ఏ రకమో తేల్చుకోవాలి.

అందుకు ఒక పండును గాడి వెంబడి చుట్టూ కోసి, రెండు చెక్కలనూ ఎదురెదురుగా తిప్పాలి. టెంక శుభ్రంగా ఊడివస్తే అది కరిగే కండ గల రకమని, అంటే ముగ్గేకొద్దీ కండ బాగా మెత్తబడే రకమని, దాదాపు నిశ్చయించుకోవచ్చు. పండు కణాలను అతికి ఉంచే జిగురు పదార్థమైన పెక్టిన్‌ను తెంచే పాలీగెలాక్టురోనేజ్ అనే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువులు నాలుగో క్రోమోజోమ్ మీద ఒకేచోట ఉండి, టెంక విడివడటాన్నీ కండ కరగటాన్నీ కలిపి నిర్ణయిస్తాయి. ఇటువంటి పండ్లను ఒకదానిపై ఒకటి పేర్చకుండా పరచి, పండిన వెంటనే వాడుకోవాలి.

టెంక అంటుకొని ఉంటే తొందరపడరాదు, కరిగే రకాల్లోనూ అటువంటివి ఉన్నాయి. రెండు పండ్లను విడిగా ఉంచి, మరో రెండింటిని బాగా ముగ్గిన అరటిపండుతో కాగితపు సంచిలో పెట్టి, రెండు మూడు రోజుల తరువాత తొడిమ పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కి చూడాలి. రెండుచోట్లా రబ్బరులా ఎదురునిలిస్తే అది డబ్బాల్లో నిల్వకు వాడే కరగని రకం. మెత్తబడుతుందని ఎదురుచూడకుండా, తొక్కలో పచ్చదనం పోయి వాసన రాగానే తినాలి. విడిగా ఉంచినవి కరకరలాడుతూ సంచిలోవి మాత్రమే మెత్తబడితే రాతిగట్టి రకం కావచ్చు. యుకా 11 అనే జన్యువు చాలినంతగా పనిచేయక ఆక్సిన్ అనే హార్మోన్ కొరవడటంతో ఆ పండు తనంతట తాను, ముగ్గించే వాయువైన ఇథిలీన్‌ను తగినంత విడుదల చేయలేదు. అరటిపండు ఇచ్చే ఇథిలీన్ ఆ లోటు తీరుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం ఫ్రిజ్ దగ్గర జరుగుతుంది. ఒక వేసవిలో గట్టి పండ్లను తేగానే లోపల పెట్టి రెండు వారాల తరువాత కోస్తే, తొక్క చెక్కుచెదరలేదు గాని కండ రసం లేక తడి దూదిలా ఉంది, టెంక చుట్టూ గోధుమరంగు తిరిగింది. సుమారు 2 నుండి 8 డిగ్రీల మధ్య, అంటే మన ఇళ్లలోని ఫ్రిజ్ వేడిమిలోనే, పెక్టిన్ సవ్యంగా తెగక రసాన్ని పట్టి ఉంచుతుంది. కరిగే రకాలకే ఈ దూదితనం పడుతుంది కనుక వాటిని బయటే పూర్తిగా ముగ్గనిచ్చి, ఆ తరువాతే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో తినేయాలి.