అమ్మమ్మ సగంలో ఆపిన అప్లిక్ బొంత పూర్తి చేయాలంటే

ఇంట్లో పెద్దవాళ్లు మొదలుపెట్టి వదిలేసిన అప్లిక్ బొంత (రంగు గుడ్డ ముక్కలను ఆకారాలుగా కత్తిరించి మరో గుడ్డ మీద కుట్టే బొంత) దొరికితే వెంటనే ఉతకకండి. ముందు అందులోని గుండుసూదులు, పిన్నులు తీసేయండి. తుప్పు మరక పడితే పోవడం చాలా కష్టం. తర్వాత తడి తెల్లగుడ్డతో ప్రతి రంగు ముక్కనూ ఒక మూల అద్ది, రంగు దిగుతుందేమో చూడండి, ముఖ్యంగా ఎరుపు, ముదురు నీలం. అంచు కుట్టని ముక్కలు ఉన్నంతవరకు అసలు నీళ్లలో పెట్టొద్దు, పోగులు ఊడిపోతాయి.

పాత కుట్లు వంకరగా కనిపించి, విప్పి మళ్లీ కుట్టాలనిపిస్తుంది. దయచేసి విప్పకండి! ఆ చేతి కుట్టు మళ్లీ రాదు. దారం తెగినచోట మాత్రమే పక్కనుంచి కొత్త కుట్టు వేయండి. కుట్టుకీ కుట్టుకీ ఆవిడ ఎంత ఎడం ఉంచారో స్కేలుతో కొలిచి, మీరూ అంతే ఉంచితే పాతకొత్తలు కలిసిపోతాయి. దారం రంగు పైన అతికే ముక్కతో కలవాలి, కింది గుడ్డతో కాదు.

కొత్త నూలు గుడ్డ కలిపేటప్పుడు ముందే ఉతికి ఇస్త్రీ చేయండి. లేకపోతే తొలి ఉతుకులోనే కుంచించుకుపోయి చుట్టూ ఉన్న పాత కుట్లను లాగేస్తుంది. ముక్క అంచును పావు అంగుళం లోపలికి మడిచి కచ్చాకుట్టు వేసుకోండి. లోపలికి వంపు తిరిగిన చోట చిన్న గాట్లు పెడితే మడత చక్కగా కూర్చుంటుంది.