శ్రీహరికోట, పులికాట్, నేలపట్టు: రెండు రోజుల్లో ఎలా చూసి రావాలి?

శ్రీహరికోట ప్రయాణాన్ని చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. ప్రయోగం తేదీ పత్రికలో చూసి ఆ రోజుకు టికెట్లు తీసుకుంటారు. రాకెట్ ఎగిరాక సమయం మిగిలితే పక్షులను కూడా చూద్దామనుకుంటారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. ముందు పక్షుల కాలాన్ని బట్టి ప్రయాణం ఖాయం చేసుకోండి. ఆ రోజుల్లోనే ప్రయోగం కూడా పడితే మీ అదృష్టం.

కారణం చెబుతాను. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఎగరాలి. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. రాష్ట్రపతి స్వయంగా వచ్చి కూర్చున్న రాత్రి అది. రాకెట్ మాత్రం వారం తర్వాత, 22న ఎగిరింది. 2024 డిసెంబరు 4న వెళ్లాల్సిన పీఎస్ఎల్‌వీ-సీ59 రాకెట్ కూడా మరునాటికి వాయిదా పడింది. రాష్ట్రపతి వచ్చినా అనుకున్న వేళకు జరగని పని మన సెలవులను చూసి జరగదు కదా! పులికాట్ సరస్సు మీద వాలిన పక్షులు మాత్రం వారాల తరబడి అక్కడే ఉంటాయి.

మొదటి పని: నెల ఎంచుకోవడం

ఈ తీరానికి ప్రాణం ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే వానలతో చెరువులు నిండుతాయి, పులికాట్‌లోకి మంచినీరు చేరుతుంది, దాని వెంటే పక్షులు వస్తాయి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు అన్నిటికంటే మంచి సమయం. నవంబరులో కూడా వెళ్లవచ్చు కానీ అది తుపానుల నెల. టికెట్లు తీసుకున్నా వాతావరణ హెచ్చరికల మీద ఒక కన్నేసి ఉంచాలి. వానలు సరిగా పడని ఏడాది పక్షులు కూడా తక్కువగానే ఉంటాయి. కాబట్టి బయలుదేరే ముందు నేలపట్టు చెరువులో నీరుందో లేదో స్థానికంగా ఎవరినైనా అడిగి తెలుసుకోవడం మంచిది. ఏప్రిల్ దాటాక వెళ్తే సరస్సు ఉత్తర భాగం చాలా మేర ఎండిపోయి ఉప్పు తేలిన నేల కనిపిస్తుంది. ఆ ఎండకు కారు దిగబుద్ధి కాదు.

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పక్షుల పండుగను సాధారణంగా జనవరిలో జరుపుతారు. 2025లో 18 నుంచి 20 వరకు జరిగింది. పిల్లలతో వెళ్లేవారికి, స్టాళ్లు, ఆటపాటలు ఇష్టపడేవారికి అది సరదాగానే ఉంటుంది. పక్షులను నిదానంగా చూడాలనుకునేవారు మాత్రం ఆ మూడు రోజులు వదిలేసి తర్వాతి వారం వెళ్లడం మేలు.

రెండో పని: సూళ్లూరుపేట చేరడం, బస కుదుర్చుకోవడం

తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేట ఈ ప్రయాణానికి కేంద్రం. చెన్నై నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరంగా 80 కిలోమీటర్ల పైచిలుకు దూరం. చెన్నై నుంచి లోకల్ రైళ్లు కూడా ఇక్కడి దాకా వస్తాయి. విజయవాడ వైపు నుంచి వచ్చేవారు తమ రైలు సూళ్లూరుపేటలో ఆగుతుందో లేదో చూసుకోవాలి, ఆగకపోతే గూడూరులో దిగి రావచ్చు. తిరుపతి నుంచైతే శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా రోడ్డు మార్గం ఉంది. ప్రయోగం ఉన్న రోజుల్లో ఊళ్లోని లాడ్జీలు ముందే నిండిపోతాయి కాబట్టి నాయుడుపేట, గూడూరు కూడా మనసులో పెట్టుకోండి. సొంత వాహనం లేనివారు రోజంతటికీ ఒక ఆటోనో, కారో మాట్లాడుకోవాలి. చూడాల్సిన చోట్లు చెల్లాచెదురుగా ఉన్నాయి, బస్సు దిగి బస్సు ఎక్కుతూ పోతే పక్షుల వేళ దాటిపోతుంది.

ఊళ్లోనే, కాళంగి నది ఒడ్డున, చెంగాళమ్మ గుడి ఉంది. ఈ గుడి తలుపులు రాత్రింబవళ్లు తెరిచే ఉంటాయి. ప్రయోగానికి ముందు ఇస్రో అధ్యక్షులు ఇక్కడికి వచ్చి పూజ చేయించడం పరిపాటి. రాకెట్ ఎప్పుడన్న సంగతి ఊళ్లో ఆటోవాళ్లకు కూడా బాగానే తెలుస్తుంది.

మూడో పని: మొదటి రోజు మధ్యాహ్నం నేలపట్టు

నాయుడుపేట వైపు హైవే మీద వెళ్తూ దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరిగితే నేలపట్టు. 1976 నుంచి ఇది పక్షుల సంరక్షణ కేంద్రం. విస్తీర్ణం 458 హెక్టార్ల పైనే, కానీ మనం చూసేది ముఖ్యంగా ఒక చెరువు, దాని కట్ట, నీళ్లలో నిలబడ్డ కడప చెట్లు. నెలల తరబడి మునిగి ఉన్నా ఈ చెట్లు కుళ్లవు. చుట్టూ నీరుంటే గూళ్ల దగ్గరికి పిల్లులూ నక్కలూ రాలేవు. గూడబాతులు ఇక్కడ గుడ్లు పెట్టడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. వీటినే పెలికాన్లంటాం. ఇక్కడికి వచ్చేది ముక్కు మీద చుక్కలుండే రకం.

మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో కట్ట ఎక్కి, వాచ్ టవర్ దగ్గర ఒకే చోట కూర్చోండి. ఒక గూడును ఎంచుకుని దాన్నే చూడండి. తల్లి వచ్చి వాలగానే పిల్ల రెక్కలు టపటపలాడిస్తూ మీద పడుతుంది. తర్వాత తల మెడదాకా తల్లి ముక్కు కింది సంచిలో దూర్చేస్తుంది. బయట నుంచి చూస్తే తల్లే పిల్లను మింగేస్తోందేమో అనిపిస్తుంది. నిజానికి పిల్ల లోపల చేపలను లాక్కుంటోంది. ఈ పెనుగులాటకు కొమ్మ మొత్తం ఊగుతుంది, పక్క గూటిలోని పక్షి విసుక్కుంటూ జరుగుతుంది. పది గూళ్ల మీద కెమెరా తిప్పేవారికి ఇది దొరకదు. పొద్దు వాలే వేళకు మేతకు వెళ్లిన పక్షులన్నీ వరసలు కట్టి తిరిగి వస్తాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల ఐబిస్‌లు కూడా ఇదే చెట్ల మీద చోటు కోసం కొట్లాడుకుంటాయి.

వాసన ఘాటుగా ఉంటుంది, ముక్కు మూసుకోకండి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనిచేస్తుందని ఇక్కడి రైతులకు తరతరాలుగా తెలుసు. ప్రభుత్వ బోర్డు రాకముందు నుంచే వీటిని కాపాడుతూ వచ్చింది వాళ్లే. ముదురు ఎరుపు, పసుపు బట్టలు మాత్రం ఆ పూటకు వద్దు. ఫోనులో పాటలు అసలే వద్దు.

నాలుగో పని: రెండో రోజు తెల్లవారగానే పులికాట్ రోడ్డు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే దారి సరస్సు మధ్య నుంచే సాగుతుంది. పాతవాళ్లు ప్రళయకావేరి అని పిలిచిన పులికాట్, మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. దానికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా ఉన్న దీవే శ్రీహరికోట. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, మిగతాది తమిళనాడులో ఉంది.

ఒక చిన్న చిట్కా. పొద్దున్నే తూర్పుగా వెళ్తుంటే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పక్షులు నల్లని నీడల్లా కనిపిస్తాయి. దారిలో వచ్చే అటకానితిప్ప దాటేదాకా ఆగకుండా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి నిదానంగా వస్తూ చూడండి. వెలుగు వీపు వైపుకు వస్తుంది, ఫ్లెమింగోల రెక్కల అడుగున దాగిన గులాబీ రంగు స్పష్టంగా తెలుస్తుంది. ఆ రంగు అవి తినే రొయ్యపిల్లలు, నాచు నుంచి వచ్చిందే. మందలో బూడిదరంగులో ఉన్నవి వేరే జాతి కాదు, ఇంకా ఆ తిండి ఒంటికి పట్టని పిల్లలు. ఫ్లెమింగో మేసే తీరు చూడండి. తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, కాళ్లతో బురద తొక్కుతూ, ముక్కుతో నీటిని వడగట్టుకుంటుంది. ముక్కు అలా వంకరగా ఉండటానికి కారణం అప్పుడు అర్థమవుతుంది. బైనాక్యులర్స్ తప్పనిసరి. అవి లేకుండా వెళ్తే దూరాన ఒక తెల్లని గీత తప్ప మరేమీ కనిపించదు. రోడ్డు మీద వాహనాలు వేగంగా వెళ్తుంటాయి కాబట్టి కారు పూర్తిగా పక్కకు తీసి ఆపండి. ఎగిరితే బాగుంటుందని రాళ్లు విసిరేవారు, కేకలు వేసేవారు ప్రతి ఏటా ఉంటారు. వాళ్లలో మీరు చేరకండి.

పడవ ఎక్కాలనుకుంటే తడ వైపున్న భీమునివారిపాలెం వెళ్లాలి.

ఐదో పని: ప్రయోగం కూడా కలిసొస్తే

శ్రీహరికోటలోని ఇస్రో ప్రయోగ కేంద్రం షార్‌లో తొలి ప్రయోగం 1971 అక్టోబరులో జరిగింది, వందో ప్రయోగం 2025 జనవరి 29న. ఈ దీవినే ఎంచుకోవడానికి కారణాలు స్పష్టం. తూర్పున అంతా సముద్రమే, కాబట్టి విడిపోయిన భాగాలు జనం మీద పడవు. భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి ఆ వైపు ఎగిరే రాకెట్‌కు వేగం కొంత ఉచితంగా దొరుకుతుంది.

చూడటానికి 2019లో సందర్శకుల గ్యాలరీ తెరిచారు. ప్రయోగానికి కొన్ని రోజుల ముందు షార్ వెబ్‌సైట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. పెద్ద ప్రయోగాలకు సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ఇస్రో ప్రకటనలను గమనిస్తూ ఉండండి. పాస్‌తో పాటు గుర్తింపు కార్డు అసలుది తీసుకెళ్లాలి. పాస్ మీద రాసిన నిబంధనలు బయలుదేరే ముందే చదవండి. గేటు దగ్గర బతిమాలడం వల్ల ప్రయోజనం లేదు. గ్యాలరీ ఆవరణలోనే మ్యూజియం, రాకెట్ల నమూనాలున్న తోట ఉన్నాయి, వాటికి కూడా కొంత సమయం ఉంచుకోండి.

పాస్ దొరకనివారు పులికాట్ రోడ్డు మీద పోలీసులు ఎంతవరకు వదిలితే అంతవరకు వెళ్లి చూస్తారు. ఎక్కడ నిలబడినా ముందు కనిపించేది వెలుగు మాత్రమే. శబ్దానికి కిలోమీటరుకు దాదాపు మూడు సెకన్లు పడుతుంది. సూళ్లూరుపేటలో నిలబడితే రాకెట్ మబ్బుల్లోకి వెళ్లాకే ఉరుము వినిపించవచ్చు. ఘన ఇంధనం మండే వెలుగు కళ్లు చెదిరేలా ఉంటుంది, ఫోనులో అది తెల్లని మచ్చగా పడుతుంది. వీడియో ఇస్రో వాళ్లు మీకంటే బాగా తీస్తారు, మీరు కళ్లతో చూడండి.

ప్రయోగం వాయిదా పడితే ఆ పూట ఊరికే పోనివ్వక్కర్లేదు. హైవే మీద దక్షిణంగా వెళ్లి, పొన్నేరి మీదుగా తమిళనాడులోని పళవేర్కాడు (పులికాట్) ఊరు చేరవచ్చు. డచ్చివారు 1613లో అక్కడ గెల్‌డ్రియా కోట కట్టారు. కోట దాదాపు మిగల్లేదు కానీ వాళ్ల శ్మశానం ఉంది, ప్రవేశద్వారం దగ్గర అస్థిపంజరాలు చెక్కిన రాళ్లతో సహా. నడక ఇష్టపడే కుర్రకారుకు వరదయ్యపాలెం వైపున్న ఉబ్బలమడుగు జలపాతం నచ్చుతుంది. లోపలికి వెళ్లే ముందు అటవీశాఖ అనుమతి ఉందో లేదో కనుక్కోండి, వాన పడుతుంటే ఆ వైపు వెళ్లకండి.