ఊరు మారలేని వాళ్లు క్లినికల్ సైకాలజీ డాక్టరేట్‌కి అప్లై చేస్తుంటే

అమెరికాలో ఈ డాక్టరేట్‌కి అప్లై చేస్తూ, ఇంటి పరిస్థితుల వల్ల ఒకే ఊరి చుట్టుపక్కల వెతుక్కోవాల్సి వస్తే, యూనివర్సిటీ పేరు కంటే ముందు అక్కడి ప్రొఫెసర్లను చూడండి. చాలా పీహెచ్‌డీ ప్రోగ్రాముల్లో మిమ్మల్ని ఎంచుకునేది ఫలానా ల్యాబ్ ప్రొఫెసరే. ఆ ఏడాది వాళ్లు కొత్త విద్యార్థిని తీసుకోకపోతే మీ మార్కులు ఎంత బాగున్నా లాభం లేదు. వెబ్‌సైట్‌లో ఆ సంగతి లేకపోతే మొహమాటపడకుండా నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి: "వచ్చే ఏడాదికి విద్యార్థులను తీసుకుంటున్నారా?" అని.

వీలైతే ఒకటి రెండేళ్ల ముందే ఆ చుట్టుపక్కల ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరండి. నా దృష్టిలో దీన్ని మించిన పెట్టుబడి లేదు. మీ పని దగ్గరుండి చూసినవాళ్లు రాసే సిఫారసు లేఖకు ఉండే బలమే వేరు.

దగ్గర్లో సైడీ (PsyD: పరిశోధన కంటే చికిత్స పనికి ఎక్కువ ప్రాధాన్యమిచ్చే డాక్టరేట్) ప్రోగ్రామ్ కనిపిస్తే తొందరపడి చేరిపోకండి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు ఉన్న ప్రోగ్రాములన్నీ ఖర్చు, ఎన్నేళ్లు పడుతోంది, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎంతమందికి ఇంటర్న్‌షిప్ దొరికింది అన్న లెక్కలు బయటపెట్టాలి. ఆ పట్టిక చదివాకే నిర్ణయించుకోండి.

ఇంకో మాట, ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి: చివర్లో ఏడాది ఇంటర్న్‌షిప్ దేశవ్యాప్త మ్యాచ్ (విద్యార్థులు, ఇంటర్న్‌షిప్ కేంద్రాలు ఇచ్చే ఇష్టాల జాబితాలను కలిపి సీట్లు కేటాయించే పద్ధతి) ద్వారా వస్తుంది. మీ ఊళ్లోనే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.