సినిమా చూడటం నేర్చుకుందాం – 7వ పాఠం: కదలని కెమెరా ముందు కాలాన్ని లెక్కించడం

గత పాఠంలో ఒక షాట్ (కట్ లేకుండా సాగే దృశ్యఖండం) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తించడం సాధన చేశాము. ఈసారి ఆ షాట్ ఎంతసేపు నిలిచింది, అంతసేపు ఎందుకు నిలవవలసి వచ్చింది అని అడగడం నేర్చుకుందాము. ఇందుకు నేను ఎంచుకున్నది బెల్జియం దర్శకురాలు శాంతాల్ అకెర్మాన్ ఫ్రెంచి భాషలో తీసిన 1975 నాటి చిత్రం. దాని పేరే ఒక చిరునామా: ‘ఝాన్ దీల్మన్, 23 కే దు కొమెర్స్, 1080 బ్రసెల్స్’. నిడివి 201 నిమిషాలు. భర్త పోయిన ఒక గృహిణి తన కొడుకుతో గడిపే మూడు రోజులే కథ. వంట, సామాన్ల శుభ్రం, బజారు పనులు. వీటి నడుమ ప్రతి మధ్యాహ్నం ఒక పురుషుడు ఆ ఇంటికి వస్తాడు, డబ్బిచ్చి వెళ్తాడు. ఆ డబ్బును ఆమె భోజనాల బల్ల మీదున్న మూత గల పింగాణీ పాత్రలో దాస్తుంది.

ఒక నోటు పుస్తకం తెరిచి, మూడు రోజులకు మూడు పేజీలు కేటాయించండి. సినిమా మొత్తాన్ని ఒక్క బిగిన చూడకండి. మొదటి రోజు ముగిసిందని తెర మీద అక్షరాలు పడేవరకు చూసి ఆపండి. ఆ మొదటి పేజీలో కథ రాయవద్దు, ఆమె చేతులు చేసే పనులు మాత్రమే వరుసగా రాయండి. గది విడిచిన ప్రతిసారీ దీపం ఆర్పుతుంది. పాత్రలో డబ్బు వేసి మూత పెడుతుంది. బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టి, వచ్చిన మనిషి వెళ్లిపోయాక దించుతుంది. అవి సరిగ్గా ఉడికి ఉంటాయి. పక్కనే ఒక్కొక్క పనికి పట్టిన సమయాన్ని కూడా వేసుకోండి. ఇది విసుగు పుట్టించే పని అని నాకు తెలుసు, కానీ దీన్ని దాటవేసిన విద్యార్థికి రెండో రోజు కనబడదు.

ఎందుకంటే రెండో రోజున దుంపలు మరీ ఎక్కువగా ఉడికిపోతాయి. వేరే చిత్రంలో ఇది ఎవరూ పట్టించుకోని చిన్న పొరపాటు. ఇక్కడ, మొదటి రోజు పేజీ మీ ముందున్నప్పుడు, ఆమె ఆ గిన్నె పట్టుకుని ఏం చేయాలో తోచక ఒక గది నుంచి ఇంకో గదికి తిరుగుతుంటే గుండె ఝల్లుమంటుంది. డబ్బు దాచే పాత్ర మీద మూత పెట్టడం మరిచిపోతుంది. మళ్లీ దుంపలు తెచ్చి తొక్క తీస్తున్నప్పుడు ఆ కత్తి నడిచే తీరు మారుతుంది. మూడో రోజు బ్రష్షు చేతిలోంచి జారుతుంది, కాఫీ రుచి నచ్చదు, కాఫీ హోటల్లో రోజూ కూర్చునే చోట ఇంకెవరో కూర్చుని ఉంటారు. సంగీతం మనల్ని హెచ్చరించదు, ముఖం దగ్గరికి కెమెరా వెళ్లదు, అయినా ఏదో కూలిపోతోందని మనకు తెలుస్తుంది. ఆ తెలివిడి మన జ్ఞాపకం నుంచి వస్తోంది కాబట్టే నోటు పుస్తకం అవసరం. మూడో రోజు చివర జరిగేదాన్ని ఇక్కడ చెప్పను. దాని తరువాత ఆమె చీకట్లో బల్ల దగ్గర కూర్చునే సుదీర్ఘమైన షాట్‌ను మాత్రం గడియారం చూసుకుంటూ కొలవండి.

ఇక ఇది ఎలా తయారైందో చూద్దాము. ఛాయాగ్రాహకురాలు బాబెట్ మాంగోల్ట్ కెమెరాను నటికి ఎదురుగా, కాస్త తక్కువ ఎత్తులో నిలిపారు. అది ఎక్కడా పక్కకు తిరగదు, ముందుకు జరగదు. మాట్లాడేవారిని ఒకరి తరువాత ఒకరిని చూపే అలవాటైన కట్‌లు కూడా లేవు. దొంగచాటుగా తొంగిచూసే చూపు కాకుండా, ఎదుట నిలబడి గౌరవంగా చూసే చూపు ఇది అని నా అభిప్రాయం. సాంకేతిక బృందంలో ఎక్కువ మంది స్త్రీలే. ప్రధాన పాత్ర ధరించిన దెల్ఫీన్ సేరిగ్ అప్పటికే పేరున్న నటి. అకెర్మాన్‌కు ఇంకా 25 ఏళ్లు నిండలేదు. చిత్రీకరణ సమయంలో నటుడు సామీ ఫ్రే వీడియోలో తీసిన దృశ్యాలు డాక్యుమెంటరీగా దొరుకుతాయి. అందులో ప్రతి కదలికకూ కారణం అడిగే నటిని, కారణం కంటే కదలిక వేగమే ముఖ్యమని నమ్మిన దర్శకురాలిని చూడవచ్చు. వీలైతే తప్పక చూడండి. సహజంగా జరిగిపోతున్నట్టు కనిపించే పని వెనుక ఎంత రిహార్సల్ ఉందో అర్థమవుతుంది.

చిత్రం 1975 మే నెలలో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో భాగమైన దర్శకుల పక్షోత్సవంలో (డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్) ప్రదర్శితమైంది. చూస్తున్నవారు మధ్యలో లేచి వెళ్లిపోతుంటే కుర్చీలు టపటపా మూసుకున్న చప్పుడు విన్నానని అకెర్మాన్ తరువాతి కాలంలో చెప్పారు. వెళ్లినవారిని నేను తప్పుపట్టను. ఇలా చూడటం వారికి ఎవరూ నేర్పి ఉండరు. అయితే 2022లో బ్రిటిష్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ పదేళ్లకోసారి విమర్శకులను అడిగి వేసే అన్ని కాలాల గొప్ప చిత్రాల జాబితాలో ఇదే చిత్రం మొదటి స్థానంలో నిలిచింది. 1952లో మొదలైన ఆ జాబితాలో ఒక స్త్రీ తీసిన చిత్రం అగ్రస్థానానికి రావడం అదే మొదటిసారి. దీన్ని చూడటానికి అకెర్మాన్ లేరు. ఆమె 2015లో మరణించారు.

ఆదరణను చదవడానికి కూడా జాగ్రత్త కావాలి. 2012లో ఓటు వేసిన విమర్శకులు 846 మంది, 2022లో 1,639 మంది. ఓటర్లు దాదాపు రెట్టింపు కావడం వల్లే ఫలితం మారిందని కొందరు ఆక్షేపించారు. ఓటర్లు మారిన మాట నిజమే, కానీ అంతకుముందు అడగనివారిని అడగడం లోపమెలా అవుతుందో నాకు అర్థం కాదు. మీరు సమీక్ష రాసేటప్పుడు ‘మొదటి స్థానం’ అన్న మాటను వాదనగా వాడకండి. మరీ ఉడికిపోయిన దుంపల గిన్నెతో ఆమె ఎటు నడిచిందో రాయండి.

ఈ వారం అభ్యాసం. మీ వంటింట్లో అలమర మీద సెల్‌ఫోన్‌ను కదలకుండా నిలిపి, ఇంట్లో రోజూ వంట చేసేవారి అనుమతి తీసుకుని, ఒకే పనిని రెండు రోజులు పది నిమిషాల చొప్పున చిత్రీకరించండి. కట్ చేయకండి, దగ్గరికి వెళ్లకండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, చేతుల్లో వచ్చిన తేడాలను రాసి ఉంచండి. వచ్చే పాఠంలో అవే దృశ్యాలను కళ్లు మూసుకుని, శబ్దాలు మాత్రమే వింటాము.