సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి రిపేర్లు తక్కువ ఖర్చులో చేసుకోవడం ఎలా?

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి చేతికి రాగానే చాలామంది పెద్ద టైర్లకీ, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్‌కీ డబ్బు తగలేస్తారు. కొన్నాళ్లకు కింద నుంచి 'టక్' మని శబ్దం మొదలవుతుంది. గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక షాఫ్టులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ పోయిందని ఎవరో తేల్చేస్తారు, దాన్ని విప్పేస్తారు. విప్పడం అందరికీ వచ్చు, మళ్లీ సరిగ్గా బిగించేవాళ్లే దొరకరు. తీరా చూస్తే అరిగిపోయిన క్రాసో (షాఫ్ట్ వంపులో తిరిగేలా కలిపే జాయింట్‌లోని నాలుగు కాళ్ల ముక్క), మూసుకుపోయిన బ్రీదరో (యాక్సిల్ లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారి), చిరిగిన బుష్షో (లోహపు భాగాల మధ్య ఉండే రబ్బరు దిండు) కారణమై ఉంటుంది. అందుకే వరస ఇలా పెట్టుకోండి: ముందు ఆయిళ్లు, తర్వాత క్రాస్‌లు, ఆ తర్వాత బుష్‌లు. ఈ మూడూ పూర్తయ్యేదాకా గేర్‌బాక్స్ మీద స్పానర్ పెట్టకూడదు.

ఇక్కడ చెప్పేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల గురించి. అంటే మామూలుగా వెనక చక్రాలతోనే నడుస్తూ, లివర్ వేసినప్పుడు మాత్రమే ముందు చక్రాలకు కూడా శక్తి వెళ్లే రకం.

కావలసిన సామాన్లు

జాకీ, రెండు యాక్సిల్ స్టాండులు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు, సాకెట్ సెట్, టార్క్ రెంచ్, సర్క్లిప్ ప్లయర్, వైర్ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, గ్రీజు గన్, పెయింట్ మార్కర్, గట్టి బెంచ్ వైస్. వైస్ లేకపోతే అరువు తెచ్చుకోండి. సుత్తితో సరిపెట్టుకుందాం అనుకుంటే ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు.

ముందు చౌక పనులు

డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండి, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ల పెట్టె) ఆయిల్ మార్చేటప్పుడు పైన ఉండే నింపే ప్లగ్‌ను ముందు వదులు చేయండి. కింది ప్లగ్ తీసి ఆయిలంతా కారిపోయాక, పైది తుప్పు పట్టి కదలనంటే బండి ఉన్నచోటే ఉండిపోతుంది. ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని మీది మడ్డిని వేళ్ల మధ్య రుద్ది చూడండి. బూడిద రంగులో మెత్తగా ఉంటే కంగారు పడక్కర్లేదు. వేలికి గుచ్చుకునే ముక్కలు వస్తే లోపల పళ్లు విరుగుతున్నట్టే. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు వెళ్లాయి.

నీళ్లు ఎలా వెళ్తాయంటే, నడిచి వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ తెరిచి ఉంటే బయటి గాలి దాంట్లోంచి లోపలికి వస్తుంది. అది మట్టితో మూసుకుపోయి ఉంటే యాక్సిల్ సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. అదే బ్రీదర్ మూసుకుని ఉండగా యాక్సిల్ వేడెక్కితే, లోపలి ఒత్తిడికి ఆయిల్ సీలు దగ్గర బయటకు తోసుకొస్తుంది. బ్రీదర్ శుభ్రం చేయకుండా సీళ్ల మీద సీళ్లు మార్చుకుంటూ పోయేవాళ్లను చూస్తే విసుగొస్తుంది. బ్రీదర్‌కు పొడవాటి రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ దగ్గర ఎత్తులో కట్టేయండి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

డిఫరెన్షియల్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి సాధారణంగా జీఎల్-5 గ్రేడ్ గేర్ ఆయిల్ కావాలి. మిగిలింది కదా అని అదే గేర్‌బాక్స్‌లో పోయకండి. పాత గేర్‌బాక్సుల్లో గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు ఇత్తడివి, వాటిలో చాలావాటికి జీఎల్-4 అడుగుతారు. మాన్యువల్‌లో ఏముందో అదే వాడండి.

ఫోర్ వీల్ లివర్ ఇరుక్కుని వెనక్కి రావడం లేదా? బహుశా తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపి ఉంటారు. పార్ట్ టైమ్ బండిలో ముందు, వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, పొడి రోడ్డు మీద టైరు జారదు, దాంతో షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి. తిన్నగా కొన్ని మీటర్లు రివర్స్ చేస్తే సాధారణంగా వదులుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు కాకపోయినా, ముందు కొత్తవీ వెనక బాగా అరిగినవీ ఉన్నా ఇదే గొడవ. ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే, విడదీసే లాకింగ్ హబ్‌లు ఉంటే రెండూ లాక్‌లో గానీ రెండూ ఫ్రీలో గానీ ఉండాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ పెట్టి ఫోర్ వీల్ పనిచేయట్లేదని గగ్గోలు పెట్టేవాళ్లు తక్కువేమీ లేరు.

స్టీరింగ్ వణుకుతుంటే కుదుపులు మింగే స్టీరింగ్ డ్యాంపర్ మార్చి చేతులు దులుపుకోవద్దు. అది వణుకును దాచిపెడుతుంది, అంతే. టైర్ల బ్యాలెన్స్, యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ ఉంటే దాని బుష్‌లు, ముందు చక్రాలను కలిపే టై రాడ్ ఎండ్‌లు, చక్రం పక్కకు తిరిగే ఇరుసు దగ్గరి కింగ్ పిన్ బేరింగులు చూశాకే డ్యాంపర్ దగ్గరికి వెళ్లాలి.

క్రాస్ పోయిందని ఎలా తెలుస్తుంది?

రివర్స్ నుంచి ఫస్ట్ గేరులోకి మార్చి క్లచ్ వదలగానే 'టక్' మంటుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు చక్రం వేగంతో పాటే కిచకిచ వినిపిస్తుంది. వేగం పెరిగాక సీటు కింద వణుకు మొదలవుతుంది. చక్రాలకు దిమ్మలు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి కిందికి దూరండి. క్రాస్ కాళ్ల కొసలకు ఉండే కప్పుల చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే గ్రీజు ఎప్పుడో ఎండిపోయింది. క్రాస్‌ను రెండు వైపుల నుంచీ పట్టుకుని ఉండే, చెవులున్న ముక్కలే యోక్‌లు. ఇప్పుడు రెండు యోక్‌లకూ తగిలేలా ఒక వేలు పెట్టి, ఇంకో చేత్తో షాఫ్ట్‌ను అటూ ఇటూ తిప్పండి. రెండు యోక్‌లూ కలిసే కదులుతుంటే ఆ లూజు డిఫరెన్షియల్ పళ్లది, కొంత ఉండాల్సిందే. ఒకటి కదిలాక రెండోది ఆలస్యంగా కదులుతున్నట్టు వేలికి తెలిస్తే క్రాస్ పోయినట్టు. ఈ పరీక్షకు నిమిషం కూడా పట్టదు. అయినా ఎవరూ చేయరు.

షాఫ్ట్ దించడం

వెనక షాఫ్ట్ దించగానే గేర్‌బాక్స్‌కూ వెనక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. ఫస్ట్ గేరులో ఉంచాను కదా అంటే కుదరదు. పాత ల్యాండ్ రోవర్ సిరీస్ 3 లాంటి బండ్లలో హ్యాండ్ బ్రేక్ కూడా చక్రాల మీద కాక ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఉన్న డ్రమ్ము మీద పనిచేస్తుంది, కాబట్టి దాన్నీ నమ్ముకోవడానికి లేదు. సమతల నేల, చక్రాలకు రెండు వైపులా దిమ్మలు, బండి ఎత్తితే స్టాండులు. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి దూరకండి.

బోల్టులు విప్పేముందే ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే బిళ్ల) మీద, షాఫ్ట్ మీద, షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా పళ్ల మీద జారే స్ప్లైన్ జాయింట్‌కు రెండు వైపులా పెయింట్‌తో గీతలు పెట్టండి. ఎందుకో కింద చెబుతాను. షాఫ్ట్ దించి వైస్‌లో పెట్టి, కప్పులు ఊడకుండా గాడిలో కూర్చునే సర్క్లిప్‌లు తీయండి. గాడిలో మట్టి గట్టిపడి ఉంటుంది, వైర్ బ్రష్, స్ప్రే వాడి కాసేపు ఆగండి. కప్పుకంటే చిన్న సాకెట్ ఒకవైపు, కప్పు పట్టేంత పెద్ద సాకెట్ రెండోవైపు పెట్టి వైస్ బిగిస్తే పాత కప్పు పెద్ద సాకెట్‌లోకి వచ్చేస్తుంది. పాతది ఎలా తీసినా పెద్ద నష్టం లేదు, యోక్ చెవులు వంగకపోతే చాలు.

కొత్త క్రాస్ ఎక్కించడం

ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు. క్రాస్ మార్చిన వారానికే మళ్లీ శబ్దం వస్తోందంటే, సామాను నకిలీదని తిట్టేముందు ఎక్కించిన తీరు చూడాలి.

ముందు యోక్ చెవుల్లోని రంధ్రాలు. తుప్పును సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్దండి, ఆకురాయి పెట్టకండి. రంధ్రం పిసరంత పెద్దదైనా కప్పు అందులో తిరగడం మొదలుపెడుతుంది. కొత్త కప్పు చేత్తో నొక్కితేనే గలగలా ఆడేంత వదులుగా ఉంటే ఆ యోక్ పని అయిపోయింది, సెకండ్ హ్యాండ్ షాఫ్ట్ వెతుక్కోండి. సెంటర్ పంచ్‌తో రంధ్రం చుట్టూ గుచ్చి బిగుతు చేయడం, కప్పుకు వెల్డింగ్ చుక్క పెట్టడం లాంటి అతి తెలివి పనులు చేయవద్దు. ఆ వేడికి కప్పు గట్టిదనం పోతుంది, సీలు కాలుతుంది. నడుస్తుండగా షాఫ్ట్ ముందు కొస ఊడి రోడ్డుకు గుచ్చుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

తర్వాత కప్పులు. కప్పు లోపలి గోడ చుట్టూ సూదుల్లాంటి సన్నటి రోలర్లు నిలబడి ఉంటాయి. చాలా క్రాస్‌లలో ఎక్కించేదాకా వాటిని పట్టి ఉంచేది గ్రీజు ఒక్కటే. ఒక్క రోలర్ అడుగున అడ్డంగా పడినా కప్పు దాని మందం మేర బయటే ఆగిపోతుంది, సర్క్లిప్ గాడిలో సగమే కూర్చుంటుంది. సరిగ్గా ఈ క్షణంలోనే అందరూ సుత్తి అందుకుంటారు. నాలుగు దెబ్బలకు సర్క్లిప్ ఎలాగో దిగుతుంది, పడిన రోలర్ లోపల నలిగి ముక్కలవుతుంది. ఆ ముక్కలే కొత్త క్రాస్‌ను తినేస్తాయి.

అలా కాకుండా, ప్రతి కప్పూ తెరిచి రోలర్లు అన్నీ వరసగా ఉన్నాయో లేదో చూడండి. గోడకు చిక్కటి గ్రీజు పూయండి, కప్పు మొత్తం నింపకండి. నిండా ఉంటే గ్రీజు ఎటూ పోలేక కప్పును వెనక్కి తోస్తుంది. గ్రీజు నిపుల్ (గన్‌తో గ్రీజు ఎక్కించే చిన్న మొన) షాఫ్ట్ గొట్టం వైపు ఉండేలా, గన్ మూతి అందేలా క్రాస్‌ను ముందే తిప్పి చూసుకోండి. అంతా బిగించాక నిపుల్ అందకపోతే మళ్లీ మొదటికే.

ఇప్పుడు ఒక కప్పును యోక్ చెవిలోకి కొద్దిగా, తిన్నగా దింపండి. వంకరగా దిగుతోందనిపిస్తే వెంటనే ఆపి బయటకు తీయండి. తర్వాత క్రాస్ కాలును చేత్తో ఆ కప్పులోకి దూర్చండి. అసలు కిటుకు ఇదే: కాలు రోలర్ల మధ్యలోకి వెళ్లాక అవి పడిపోవడానికి చోటు ఉండదు. కాలు బయట ఉండగా కప్పును నొక్కుతూ పోతే పడతాయి. ఎదుటి చెవిలో రెండో కప్పు పెట్టి, క్రాస్‌ను కొంచెం అటు జరిపి, రెండు కాళ్లూ రెండు కప్పుల్లోనూ ఉన్నాయని చూసుకున్నాక వైస్ బిగించండి. ప్రతి పావు మలుపుకీ ఆగి క్రాస్‌ను వేలితో ఊపండి. వేలికి అడ్డు తగిలితే ఏదో పడింది. ఒక్క పావు మలుపు కూడా ముందుకు పోకుండా విప్పి చూడండి. రెండు కప్పులూ చెవులకు సమంగా వచ్చాక చిన్న సాకెట్ పెట్టి సర్క్లిప్ గాడి పూర్తిగా కనిపించేదాకా నొక్కాలి. సర్క్లిప్ గాడిలో చుట్టూ కూర్చుందో లేదో స్క్రూడ్రైవర్ కొసతో తిప్పి చూడండి.

అన్నీ ఎక్కాక జాయింట్ కాస్త బిగుతుగా ఉండొచ్చు. ఇత్తడి సుత్తితో యోక్ చెవుల మీద చిన్నగా తట్టండి, కప్పు మీద మాత్రం వద్దు. కప్పులు సర్క్లిప్‌కు ఆనుకుని సర్దుకుంటాయి, జాయింట్ సాఫీగా తిరుగుతుంది. ఈ మొత్తం పనిలో సుత్తికి చోటు ఇక్కడ ఒక్కచోటే.

నిపుల్ లేని సీల్డ్ క్రాస్‌లే గట్టివని వాదించేవాళ్లున్నారు. గ్రీజు దారి కోసం లోపల రంధ్రం ఉండదు కాబట్టి అవి గట్టివే, ఆ మాట నిజం. కానీ బురదలో, నీళ్లలో దిగే బండికి లోపలి మురికిని బయటకు తోసే మార్గం కావాలి. నిపుల్ ఉన్నదే కొనండి.

తిరిగి బిగించడం

ముందు పెట్టిన గీతలు ఇప్పుడు కావాలి. క్రాస్ జాయింట్ వంపులో తిరిగేటప్పుడు అవతలి కొస వేగం ఒకేలా ఉండదు, ప్రతి చుట్టుకూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. 10 డిగ్రీల వంపుకు ఆ తేడా దాదాపు 1.5 శాతం అటూ ఇటూ. 20 డిగ్రీలకైతే 6 శాతం. లిఫ్ట్ కిట్ వేసిన బండి వణకడానికి ఇదొక ముఖ్య కారణం, ముందుగా దాని మీద డబ్బు పెట్టొద్దనేది అందుకే. మామూలు ఎత్తులో ఒక జాయింట్ తెచ్చిన హెచ్చుతగ్గును రెండో జాయింట్ సరిచేస్తుంది, షాఫ్ట్ రెండు కొసల యోక్‌లు ఒకే వరసలో ఉంటేనే. స్ప్లైన్ ఒక్క పన్ను తప్పి ఎక్కినా కొత్త క్రాస్‌లతో కూడా బండి వణుకుతుంది. తయారీలోనే కావాలని వరస తప్పించిన షాఫ్టులు కొన్ని బండ్లలో ఉంటాయి, కాబట్టి కంటితో అంచనా వేయకుండా మీ గీతలనే నమ్మండి.

ఫ్లాంజ్‌కు నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు ఉంటే కొత్తవి వాడండి. బోల్టు పోతే తల మీద పాతదానికి ఉన్న గ్రేడే, అంటే 8.8 అయితే 8.8, 10.9 అయితే 10.9 ఉన్నదే తీసుకోండి. గుర్తు ఏమీ లేని బోల్టు షాఫ్ట్ దగ్గరికి రానివ్వకండి. మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించి, కొంత దూరం నడిపాక మళ్లీ ఒకసారి చూడండి.

చివరగా గ్రీజు గన్. క్రాస్‌కు నాలుగు సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టండి. మూడింట్లో వచ్చి నాలుగో దాంట్లో రాకపోతే షాఫ్ట్‌ను అటూ ఇటూ ఊపుతూ కొట్టండి. నీళ్లలో దిగి వచ్చిన రోజే మళ్లీ కొట్టాలి. స్ప్లైన్ జాయింట్ నిపుల్‌కు మాత్రం కొద్దిగా చాలు. అక్కడ నిండా కొడితే లోపల చిక్కుకున్న గ్రీజు షాఫ్ట్‌ను కుదించుకోనివ్వదు, గతుకులో యాక్సిల్ పైకి లేచినప్పుడు ఆ దెబ్బంతా ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగ్ మీద పడుతుంది.