రిటైర్మెంట్ పొదుపు, 4వ పాఠం: కొత్త పన్ను విధానంలో పీపీఎఫ్ దండగేనా?

మీరు ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నారో, కొత్త విధానంలో ఉన్నారో తేల్చుకోమని పోయిన పాఠంలో చెప్తే, చాలామంది ఒకటే మాట రాశారు: "కొత్త విధానంలో ఉన్నాం, ఇక పీపీఎఫ్ కట్టడం ఆపేస్తున్నాం." ఆపకండి. పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) అంటే ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా. ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) సంగతి కాసేపు ఆగినా ఫర్వాలేదు, ముందు ఇది సరిచేసుకోవాలి.

పీపీఎఫ్‌లో పన్ను లాభాలు రెండు. మీరు కట్టిన సొమ్ముకు ఆదాయంలో మినహాయింపు ఒకటి. అది పాత విధానంలోనే. వచ్చే వడ్డీకి పన్ను లేకపోవడం రెండోది. అది రెండు విధానాల్లోనూ ఉంది. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఎఫ్‌డీ) వడ్డీకి ఆ వెసులుబాటు లేదు. 20 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి పీపీఎఫ్ ఇచ్చే పన్నులేని 7.1 శాతం వడ్డీ అంటే ఎఫ్‌డీలో దాదాపు 9 శాతం వచ్చినట్టు. పైగా ఏడాదికి కనీసం 500 కట్టకపోతే ఖాతా ఆగిపోతుంది. మళ్లీ నడపాలంటే ఆగిన ప్రతి ఏడాదికీ 500తో పాటు 50 జరిమానా కట్టాలి.

ఇంకో పొరపాటు ఐదో తారీఖుది. ఐదో తారీఖు తర్వాత నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే ఆ నెల వడ్డీ లెక్కిస్తారు. ఆరో తారీఖున వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. నెలకు 12,500 చొప్పున ఐదులోపు వేస్తే మొదటి ఏడాది వడ్డీ 5,769. ఐదు దాటాక వేస్తే 4,881. మొత్తం లక్షన్నర ఏప్రిల్ ఐదులోపే వేస్తే 10,650. జీతం ఏడో తారీఖున పడేవాళ్లు ఆ డబ్బును వచ్చే నెల ఒకటిన వేసినా ఒక్క రూపాయి నష్టం లేదు, మధ్యలో మీ పొదుపు ఖాతాలో ఉంటుంది. చెక్కు ఇస్తే డబ్బు జమైన రోజే లెక్క. అందుకే చెక్కు వద్దు, ఆన్‌లైన్‌లో వేయండి.

ఇక ఎన్‌పీఎస్. కొత్త విధానంలో మీరు సొంతంగా కట్టినదానికి మినహాయింపు లేదు. యజమాని కట్టేదానికి మూల వేతనం (బేసిక్), కరువు భత్యం (డీఏ) మొత్తంలో 14 శాతం వరకు ఉంది. మీరు యాప్‌లో వేసుకుంటే అది యజమాని వాటా అవ్వదు, కంపెనీయే జమ చేయాలి. గీసుగొండ టెక్స్‌టైల్ పార్కులో బేసిక్ 30,000 ఉన్నవారికి అది నెలకు 4,200. కానీ వారి ఏడాది జీతం 12.75 లక్షలు దాటకపోతే, వేరే ఆదాయం లేకపోతే, 2025-26 లెక్కల ప్రకారం పన్నే లేదు. అప్పుడు పన్ను కోసమని ఏళ్ల తరబడి సొమ్ము ఇరికించుకోవడం నాకు నచ్చదు. జమ్మికుంటలో దుకాణం నడిపేవారికి యజమానే లేడు కాబట్టి నా మాట పీపీఎఫ్ వైపే.

అభ్యాసం: పే స్లిప్ తీసి బేసిక్‌లో 12 శాతం ఈపీఎఫ్‌కు (ఉద్యోగుల భవిష్య నిధికి) పోతోందా చూడండి. నెలనెలా పోయే ఆ సొమ్మును 12తో గుణించి, పాత విధానంలో ఈపీఎఫ్, పీపీఎఫ్ లాంటివాటన్నిటికీ కలిపి ఉన్న మినహాయింపు పరిమితి లక్షన్నరలోంచి తీసేయండి. పాత విధానంలో ఉంటే మిగిలినంతకే ఇంకా మినహాయింపు దొరుకుతుంది. 30,000 బేసిక్‌కు 1,06,800 రావాలి. తర్వాత రెండు విధానాల్లోనూ మీ పన్ను కాగితం మీద వేసి, తేడా రాయండి.